ఎర్రమన్ను పెట్టిన పేరు

ఫిన్లాండు వాళ్ళు ఇనుమును ‘రౌత’ అంటారు. ఆ మాట వాళ్ళు పుట్టించుకున్నది కాదు. ఎప్పుడో రెండు వేల ఏళ్ళ కిందట, బాల్టిక్ సముద్రతీరాల్లో తమకు పొరుగున ఉన్న జర్మానిక్ జనాల దగ్గర తీసుకున్నది. ఇచ్చినవాళ్ళ నోట దాని అర్థం ‘ఎర్రనిది’. ఇంగ్లీషులో ‘రెడ్’, జర్మన్‌లో ‘రోట్’ ఆ కుదురు మాటలే. పాత నార్స్ భాషలో ‘రౌది’ అంటే చిత్తడి నేలల్లో దొరికే ఎర్రటి ఇనుప మన్ను. ఫిన్లాండులో తొలినాళ్ళలో ఇనుము తీసింది అలాంటి మన్నులోంచే. చెరువు అడుగుల నుంచి, బురద మడుగుల నుంచి ఆ మన్ను తవ్వి, ఎండబెట్టి, బొగ్గుతో కాల్చి ఇనుము చేసేవారు. అలా ముడిసరుకు పేరే సరుకు పేరయింది.

భిలాయిలో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ సంగతి వింతగా తోచదు. మా ఉక్కు కర్మాగారానికి ముడిఖనిజం దక్షిణాన ఎనభై, తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్న దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. అక్కడ కొండా ఎరుపే, బాటా ఎరుపే, వానాకాలంలో వాగు నీళ్ళూ ఎరుపే. ఆ కొండల్లో ఇనుము ఉందని 1880ల్లోనే భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ నమోదు చేశారు. తర్వాత 1900ల మొదట్లో జంషెడ్జీ టాటా కొడుకు దోరాబ్జీ నాగపూర్‌లో ఒక మ్యాపు చూసి, అమెరికన్ నిపుణుడు చార్లెస్ వెల్డ్‌ను వెంటబెట్టుకుని దుర్గ్ ప్రాంతానికి వచ్చారు. కొండ మీద నడుస్తుంటే కాళ్ళకింద నేల లోహంలా మోగిందట. కానీ దగ్గర్లో తగిన బొగ్గు లేదు. 1904లో అదే బోస్ రాసిన ఉత్తరం వాళ్ళను మయూర్‌భంజ్ వైపు తిప్పింది. చివరికి టాటాల ఉక్కు కార్ఖానా సాక్చీలో, ఇప్పటి జంషెడ్‌పూర్‌లో, వెలిసింది. మా ఎర్రకొండలు ఇంకో యాభై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మొదటి లక్ష్యం ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు.

అప్పుడు ఆ ఎర్రమన్ను చుట్టూ చేరిన మనుషుల నోళ్ళు చూడండి. సోవియట్ ఇంజనీరు ఆ ఖనిజాన్ని ‘రుదా’ అంటాడు. పక్కనున్న ఛత్తీస్‌గఢీ కూలీ దాన్నుంచి వచ్చేదాన్ని ‘లోహా’ అంటాడు. ఒకరి భాష ఒకరికి రాదు. కానీ రష్యన్ ‘రుదా’, సంస్కృతం ‘లోహ’, ఫిన్నులకు ‘రౌత’ను ఇచ్చిన జర్మానిక్ మాట, మూడూ ఒకే పాత ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి చీలినవి. అర్థం ఎరుపు. మన రుధిరం, రోహితం, లోహితం కూడా అందులోవే. రాయ్‌పూర్‌లో భాషాశాస్త్రం చదువుకునే రోజుల్లో నిఘంటువులో ఈ వరస చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయిన పనిచేసే చోట ఇన్ని వేల ఏళ్ళ చుట్టరికం పక్కపక్కనే నిలబడి డ్యూటీ చేస్తోందని ఎవరికీ తెలియదు.

చుట్టరికం ఒకటే అయినా వచ్చిన దారులు వేరు. వేదకాలంలో ‘లోహం’ అంటే ఎర్రని లోహం, అంటే రాగి. ఇనుముకు అథర్వవేదంలో ‘శ్యామం’ అనే పేరుంది, నల్లనిది అని. తర్వాతి కాలంలో లోహం అన్ని లోహాలకూ పేరయింది, ఉత్తరాది నోళ్ళలో ఇనుము మీదికే జరిగి స్థిరపడింది. అంటే ఇక్కడ ఎరుపు రాగి రంగు, అక్కడ ఎరుపు మన్ను రంగు. రెండూ చివరికి నల్లటి ఇనుము మీదే వాలాయి. ద్రావిడ భాషలు మాత్రం ఎరుపు జోలికి పోలేదు. కన్నడ ‘కబ్బిణ’లోనూ, పాత తమిళ ‘కరుమ్‌పొన్’లోనూ ఉన్నది నలుపే.

ఇక అసలు ముచ్చట. ఒక భాష పరాయి మాటను తీసుకోవడం ఒక ఎత్తు, దాన్ని తన విభక్తుల్లో తిప్పుకోవడం ఇంకో ఎత్తు. ఒక మాట ఎప్పుడు వచ్చిందో రాజశాసనం ఏదీ చెప్పనప్పుడు, అది విభక్తుల్లో ఎలా నడుస్తుందో చూస్తే దాని వయసు తెలుస్తుంది.

‘రౌత’ను చూడండి. ఇచ్చిన భాషలో దాని నడుమ ‘ద’ ఉండేది. ఆనాటి ఫిన్నిక్ భాషకు ‘గ, ద, బ’ అనే సరళాలు లేవు కాబట్టి ‘ద’ను ‘త’గా పట్టుకుంది. ఆ భాషకు ఇంకో నియమం ఉంది. అక్షరం అచ్చుతో ముగిస్తే దాని ముందు హల్లు గట్టిగా ఉంటుంది, హల్లుతో మూసుకుంటే మెత్తబడుతుంది. అందుకని ‘రౌత’ అంటే ఇనుము, ‘రౌదన్’ అంటే ఇనుము యొక్క, ‘రౌదస్స’ అంటే ఇనుములో, కానీ ‘రౌతాన్’ అంటే ఇనుములోకి. (ఆ చివరి రూపం కూడా హల్లుతోనే ముగుస్తోంది కదా అంటారేమో. అక్కడ పూర్వం రెండు అచ్చుల మధ్య ఒక ‘హ’ ఉండేది. అది పోయి అచ్చులు కలిశాయి. త మాత్రం పాత గట్టిదనంతోనే మిగిలింది.) ‘రౌదన్’లో మనకు కనిపించే ‘ద’ జర్మానిక్ నుంచి వచ్చిన ‘ద’ కాదు. ఆ అసలు ‘ద’ గడప దాటగానే ‘త’ అయిపోయింది. ఇప్పుడున్నది ఫిన్నిక్ వ్యాకరణం తన చేత్తో మెత్తబరిచి తయారు చేసుకున్న ‘ద’. పొరుగున ఉన్న ఎస్తోనియన్ ఇంకా ముందుకెళ్ళింది. అక్కడ ఇనుము ‘రౌద్’, ‘ఇనుము యొక్క’ అనాలంటే ‘రౌఅ’. నడుమ హల్లు పూర్తిగా రాలిపోయింది.

ఫిన్నిష్‌లోనే ‘కునింగస్’ అంటే రాజు. దాని సంగతి మరీ గొప్పది. జర్మానిక్ ‘కునింగజ్’ అనే మాటలో చివరి ‘అజ్’ ప్రథమా విభక్తి ప్రత్యయం. మన సంస్కృతంలో విసర్గ లాంటిది. ఫిన్నులు దాన్ని ప్రత్యయం అనుకోలేదు, మాటలో భాగమనుకుని మొత్తం మింగేశారు. ఆ తర్వాత జర్మానిక్ భాషల్లో ఆ తోక అరిగిపోయింది. నార్స్‌లో ‘కొనుంగ్ర్’, జర్మన్‌లో ‘క్యోనిగ్’, ఇంగ్లీషులో ‘కింగ్’. పుట్టింటివాళ్ళు పోగొట్టుకున్న రూపం ఫిన్నిష్‌లో, ఎస్తోనియన్‌లో నేటికీ ఉంది. 1869లో డెన్మార్క్ పండితుడు విల్హెల్మ్ థామ్సెన్, ఇరవై ఏడేళ్ళ వయసులో, ఇలాంటి మాటలన్నీ కూర్చి ఒక సిద్ధాంత గ్రంథం రాశాడు. రాతలేని కాలపు జర్మానిక్ భాష ఎలా ఉండేదో ఫిన్నుల నోటి నుంచే తెలుసుకోవచ్చని అందులో చూపించాడు. నాకు ఆయన మీద ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు.

మన తెలుగు చేసిన పని దీనికి తిరగేసినట్టుంటుంది. సంస్కృతంలోని ‘రామః’ తోక కోసేసి మనం మన ‘డు’ తగిలించి రాముడు చేసుకున్నాం. ‘లోహం’ను ‘ము’వర్ణం గల మాటల్లో కలిపి లోహానికి, లోహపు, లోహాలు అని తిప్పుకుంటున్నాం.

కానీ ఇనుము అలా వచ్చిన మాట కాదు. అది ఇంటి మాట, తమిళ ‘ఇరుంబు’కు తోబుట్టువు. అందుకే దానికో పాత నడక ఉంది. ఇనుము విశేషణంగా మారితే ‘ఇనుప’ అవుతుంది. ఇనుప పెట్టె, ఇనుప గేటు, ఇనుప చిట్టెం. ఎక్కడిది ఆ ‘ప’? తమిళంలో ఇనుము ‘ఇరుంబు’, ఇనుప దారి ‘ఇరుప్పుప్పాదై’, అంటే రైలుమార్గం. నామవాచకంలో అనునాసికంతో జంటగా ఉన్న ‘ప’కారం విశేషణంలో ద్విత్వమవుతుంది. తెలుగులో మొదటిది ‘ము’గా, రెండోది ‘ప’గా తేలాయి. పాముకు ‘పాపరేడు’ కూడా అంతే. భద్రిరాజు కృష్ణమూర్తి గారి లాంటి పండితులు ద్రావిడ భాషలన్నిటా ఈ జాడ పట్టి చూపించారు. ఫిన్నుల రౌత–రౌదన్‌కూ, మన ఇనుము–ఇనుపకూ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. కానీ రెండు భాషలూ ఇనుము పేరును తమ లోలోపలి నియమంతోనే వంచాయి.

లోహం పేరు విషయంలో వాళ్ళదీ మనదీ ఎదురెదురు. ఫిన్నులకు ఇనుము పేరు అరువు, దాన్ని కొట్టేవాడి పేరు ‘సెప్పా’ మాత్రం ఇంటిదే. మనకు ఇనుము ఇంటిది, కొట్టేవాడి పేరు ‘కమ్మరి’ ప్రాకృతంలోని ‘కమ్మార’ నుంచి వచ్చింది. బుద్ధుడికి చివరి భోజనం పెట్టిన చుందుణ్ణి పాలి గ్రంథాలు ‘కమ్మారపుత్త’ అంటాయి. మాది ఆ కమ్మరి ఇల్లే. తాత శ్రీకాకుళం పల్లెలో కొలిమి పెట్టి కర్రులు సాగగొట్టేవాడు. నాయిన తిత్తి ఊదుతూ పెరిగి, భిలాయి కడుతున్న రోజుల్లో పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరే బండెక్కాడు. 1931లో పూర్తయిన ఆ విజయనగరం–రాయ్‌పూర్ లైనే ఉత్తరాంధ్ర జనాన్ని భిలాయికి చేర్చిన దారి. ఎందరో అలాగే వచ్చి, క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో, సెక్టర్లలో కాపురాలు పెట్టారు.

నాయినకు బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పని. కొలిమి, సమ్మెట, దాగలి, పటకారు, తిత్తి, చిట్టెం అనే మాటలతో వచ్చినవాడు ఫర్నేసు, ట్యాపింగు, లేడిలు, రన్నరు, స్లాగు, హాట్ మెటలు అనే మాటల మధ్య పడ్డాడు. ఇంట్లో కూర్చుని డ్యూటీ సంగతులు చెబుతుంటే స్లాగు, స్లాగు అనేవాడు. ఒకసారి అడిగాను.

“నాయినా, స్లాగంటే చిట్టెమే కదా. చిట్టెమనే అనొచ్చు కదా?”

“చిట్టెం కొలిమిది గుంటా. గుప్పెడుంటాది. ఇదేటి, ఏరులా పారతాది. దానికీ దీనికీ ఒకటే పేరెట్టీగలమా?”

అరువు మాట ఇంటి మాటను తోసేయలేదు. పక్కన నిలబడి పని పంచుకుంది. చిట్టెం ఊళ్ళో కొలిమికి మిగిలింది, స్లాగు సిమెంటుకు వెళ్ళే ఆ ఎర్రటి ప్రవాహానికి పేరయింది. ఫిన్నిష్‌లో ‘రౌత’ వచ్చినప్పుడు కూడా ఏదో ఒక పాత మాట పక్కకు జరిగి ఉంటుందని, లేకపోతే అసలు అంతకుముందు ఆ వస్తువే లేక ఖాళీగా ఉన్న చోటులో వచ్చి కూర్చుని ఉంటుందని నేను ఊహించుకుంటాను.

ఈ కొత్త మాటలు విభక్తుల్లో ఎలా నడిచాయి? నాకు భిలాయి తెలుగులో అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ‘మిల్లు’. మా ఊళ్ళో రైల్ మిల్లు ఉంది. దేశం రైలు పట్టాలు చాలావరకు అందులోంచే పోతాయి. మిల్లు అనేది ఇల్లుతో ప్రాస కుదిరే మాట. ఇల్లు అయితే ఇంట్లో, ఇంటికి, ఇళ్ళు. మరి మిల్లు? మిల్లులో, మిల్లుకి, మిల్లులు. ‘మింట్లో డ్యూటీ’ అని ఒక్క తెలుగువాడూ అనలేదు. అలాగే ఊరు ఊళ్ళు అయింది కానీ క్వార్టరు క్వార్టర్లే అయింది. కాలం గడిచాక పాత మార్పులు నిద్రపోతాయి. కొత్తగా వచ్చిన మాటను అవి ముట్టుకోవు.

కానీ అన్ని మార్పులూ నిద్రపోవు. రైలు అనే మాట బహువచనంలో రైళ్ళు అయింది. స్కూళ్ళు, జైళ్ళు, హోటళ్ళు కూడా. కాలు–కాళ్ళు, పాలు–పాళ్ళు అనే నియమం ఇంకా మేలుకునే ఉంది కాబట్టి ద్విత్వం లేని ‘లు’తో ముగిసే పరాయి మాట కనబడగానే పట్టేస్తుంది. ఇంగ్లీషు ‘రైల్’కు ‘ళ’ తెలియదు. అది ఫిన్నుల ‘రౌదన్’లోని ‘ద’ లాంటిదే, పూర్తిగా మనం తయారు చేసింది.

ఫిన్నిష్‌లోనూ అచ్చం ఇదే జరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన మోటారుకారు అక్కడ ‘ఔతొ’. ‘రౌత’ లాగానే నడుమ ‘త’ ఉంది. నియమం ప్రకారం ‘ఔదొన్’ కావాలి. కాదు, ‘ఔతొన్’ అనే అంటారు. త మెత్తబడే ఆ పాత మార్పు కొత్త మాటల జోలికి పోవడం మానేసింది. కానీ ద్విత్వం తేలికయ్యే మార్పు ఇంకా బతికే ఉంది. బ్యాంకు వాళ్ళకు ‘పంక్కి’, ‘బ్యాంకు యొక్క’ అంటే ‘పంకిన్’. హల్లుతో ముగిసే పరాయి మాటకు వాళ్ళు చివర ‘ఇ’ తగిలిస్తే మనం ‘ఉ’ తగిలిస్తాం. ఇల్లు–మిల్లు, రౌత–ఔతొ ఒక జంట. రైళ్ళు, పంకిన్ ఇంకో జంట. ఎక్కడి ఫిన్లాండు, ఎక్కడి దుర్గ్ జిల్లా! ఈ పోలిక నా మటుకు నేను కాగితం మీద గీసుకుని చూసుకున్నప్పుడు, నాయిన మాట్లాడిన తెలుగు ‘కల్తీ తెలుగు’ అని ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వడం గుర్తొచ్చి కోపం వచ్చింది. అది కల్తీ కాదు. పరాయి మాటకు ఎంతవరకు చోటివ్వాలో, ఎక్కడ వంచాలో, ఎక్కడ వదిలేయాలో తెలిసిన భాష అది. చదువు లేని కమ్మరి నోట ఒక్కసారి కూడా తప్పని వ్యాకరణం అది.

క్రియల్లో ఈ వయసు లెక్క ఇంకా స్పష్టం. సంస్కృతం నుంచి తెచ్చుకున్నవాటికి ‘ఇంచు’ తగిలించాం, ప్రారంభించు, నిర్ణయించు. ఆ తర్వాత హిందుస్తానీ నుంచి వచ్చినవాటికి ‘ఆయించు’ అనే అతుకు దొరికింది, దబాయించు, సతాయించు, బనాయించు. ఇంగ్లీషు వచ్చేసరికి ఆ తలుపూ మూసుకుంది. ‘ట్యాపించు’ అనలేదు నాయిన. ట్యాపింగు చేసినాం అన్నాడు, ఛార్జింగు పడింది అన్నాడు. భిలాయిలో రోజూ చెవినపడే హిందీ కూడా అంతే. ఛుట్టీ పెట్టాడు, ఛుట్టీలకి ఊరెళ్ళాం. నామవాచకంగా వచ్చింది, విభక్తి తగిలించుకుంది, క్రియగా మారలేదు.

రష్యన్ మాత్రం ఇంటి మాటల్లోకి రానే లేదు. సెక్టర్ 7లో రష్యన్ కాంప్లెక్స్ ఉంది, 1972లో పెట్టిన మైత్రీబాగ్ ఉంది, ఫర్నేసులే వాళ్ళు నిలబెట్టినవి. అయినా మా తెలుగులో ‘రుదా’ లేదు. యంత్రాల పేర్లు ఇంగ్లీషులోనే చెప్పేవారు, మధ్యలో దుబాసీలు ఉండేవారు. పక్కపక్కన బతికితేనే మాట చేతులు మారుతుంది. జర్మానిక్ జనమూ ఫిన్నిక్ జనమూ పక్కపక్కన ఊళ్ళు కట్టుకుని, పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకుని ఉండకపోతే రాజు, ఉంగరం, బంగారం, ఇనుము అన్నిటికీ పేర్లు దాటి వచ్చేవి కావు.

మన మాటా దాటి వెళ్ళింది. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు లండన్‌కు ఉక్కు ముద్దలు పంపాడు. 1795లో జార్జ్ పియర్సన్ వాటిపై రాయల్ సొసైటీకి రాసిన పత్రంలో దాని పేరు ‘వూట్జ్’. మన ఉక్కును ‘వూక్’ అని రాసుకుంటే చేతిరాతలో తప్పుపడి అలా అయిందని పాత నిఘంటుకారుల మాట. కన్నడంలోనూ తెలుగులోనూ మాట ఒకటే కాబట్టి ఎవరి నోటి నుంచి వెళ్ళిందన్న తగువు నాకు అక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చి ఆ ఊళ్ళోనే మకాం పెట్టడాన్ని హెన్రీ వాయిజీ చూసి రాశాడు. ఆయన పోయాక, 1832లో, ఆ రాత కలకత్తాలో అచ్చయింది. అంతకుముందే ఫారడే కూడా లండన్‌లో ఆ ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. అలా వెళ్ళిన ఉక్కు, స్టీలు అనే పేరుతో తిరిగి వచ్చింది. గిన్నెలు స్టీలువి, భిలాయిదీ స్టీల్ ప్లాంటే. విశాఖకు వచ్చేసరికి ‘ఉక్కునగరం’ అని పాత పేరును నిలబెట్టుకున్నారు. భిలాయి తెలుగువాళ్ళకు ఆ పేరంటే గర్వం.

ఫిన్లాండులో ఇనుము పేరుతో ఒక ఆచారం ఉండేది. గొడ్డలో కత్తో తగిలి నెత్తురు ఆగకపోతే, మంత్రం తెలిసిన పెద్దమనిషిని పిలిపించేవారు. ఆయన ఇనుము పుట్టుక కథ చదివేవాడు. ఇనుము ఎలా పుట్టిందో, ఎవరి బిడ్డో, మంచి మాట ఇచ్చి ఎలా తప్పిందో దానికే చెప్పి సిగ్గుపడేలా చేస్తే రక్తం కడుతుందని నమ్మకం. ఎలియాస్ లోన్రోట్ 1849 కలేవలాలో తొమ్మిదో పాట అదే. ముగ్గురు కన్యల చనుబాలు నేలపై పడ్డాయట. నల్లపాలు మెత్తటి ఇనుమయ్యాయి, తెల్లపాలు ఉక్కయ్యాయి, ఎర్రపాలు పెళుసు ఇనుమయ్యాయి. ఆ పాటలో ఇనుమును పిలిచిన ప్రతిచోటా ఆ అరువు మాటే, రౌతే. అప్పటికి అది అరువని ఒక్కరికీ గుర్తు లేదు. మన మైకల కొండల్లో ఇనుము తీసిన అగరియాలకూ లోహాసురుడు ఉన్నాడు. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ళ మీద పుస్తకం రాశాడు. ఆ దేవుడి పేరులోనూ ఆ ఎరుపు ధాతువే, అదీ అరువే.

పల్లెల్లోని సేద్యపు మాటల కోసం కృష్ణమూర్తి గారి పర్యవేక్షణలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. నాగలికీ కాడికీ ఊరూరికీ ఉన్న పేర్లు అందులో భద్రంగా ఉన్నాయి. అదే ఏళ్ళలో మా నాయినలాంటివాళ్ళు ఫర్నేసుల దగ్గర ఇంకో తెలుగు అల్లుతున్నారు. అది రాసుకోవాలి. నేను మొదలుపెట్టాను. అప్పటివాళ్ళలో మిగిలినవాళ్ళు కొద్దిమందే, ఎక్కువగా సెక్టర్ల నుంచి ఖాళీ చేసి రిసాలీలోనో నెహ్రూనగర్‌లోనో పిల్లల దగ్గర ఉంటున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని మాట మాత్రమే కాదు, దాని రూపాలన్నీ అడుగుతాను. కరిగిన లోహాన్ని పట్టే ‘లేడిలు’కు బహువచనం ఏమిటి? ‘లేడిళ్ళు’ అన్నవాళ్ళూ ఉన్నారు, ‘లేడిల్సు’ అన్నవాళ్ళూ ఉన్నారు. మొదటిది ముందొచ్చినవాళ్ళది, రెండోది ఐటీఐ చదివి తర్వాత చేరినవాళ్ళది. ఆ తేడాను నేను వదలకుండా రాస్తున్నాను.

ఇప్పటి పిల్లల దగ్గర అడిగితే ఇంకోటి తేలింది. ఇంట్లో తెలుగు వినేవాళ్ళే, బళ్ళో హిందీ. మా మేనకోడలి కూతురు మొన్న ‘ఇనుము గేటు’ అంది. ‘ఇనుప’ అనలేదు. దిద్దితే, “ఇనుమే కదా అమ్మమ్మా, లోహే కా గేట్ అంటాం కదా” అంది. లోహా హిందీలో లోహే అవుతుందని ఆ పిల్లకు తెలుసు, అక్కడ ఎక్కడా తడబడదు. ఇనుము ఇనుప అవుతుందని మాత్రం ఇంకా ఎవరూ దాని ముందు సరిపడినన్ని సార్లు అనలేదు. అందుకని ఇనుప పెట్టె, ఇనుప చట్టి, ఇనుప కడ్డీ, ఇనుప గుండు అని ఇల్లంతా తిప్పి చూపించి చెప్పించాను. సాయంత్రానికి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి స్టీలు గిన్నె పట్టుకుని, “ఇది స్టీప గిన్నా?” అని అడిగింది.